సిపాయి విడిచిన కిల్ట్

ఎడిన్‌బరో నగరానికి వచ్చిన యాత్రికుడు మొట్టమొదట తలెత్తి చూసేది కొండమీది కోటను. ఆ కొండ పాదాన, దక్షిణపు వైపున, గ్రాస్‌మార్కెట్ అనే వెడల్పాటి వీధి వుంది. శతాబ్దాలపాటు అది పశువుల సంత. 1784 వరకు నేరస్థులను బహిరంగంగా ఉరితీసిన స్థలం కూడా అదే. ఇప్పుడు ఆ రాళ్లు పరిచిన వీధిలో ఫలహారశాలలు, పుస్తకాల అంగళ్లు, పాతబట్టల దుకాణాలు వరుసగా వున్నాయి. 1840లో స్థాపితమైన ఆర్మ్‌స్ట్రాంగ్స్ అనే పాతబట్టల దుకాణం ఈ వీధిదే. లోపల అడుగు పెడితే ఉన్ని వాసన, తోలు వాసన, కలరా వుండల వాసన కలగలిసి ముక్కుకు తగులుతాయి. వెనుకటి తరాల కోట్లు, టోపీలు, పట్టు గౌన్ల మధ్య ముదురు ఆకుపచ్చ, నీలం గళ్ల గుడ్డ మడతలు వ్రేలాడుతూ కనిపిస్తాయి. అవే కిల్ట్‌లు.

స్కాట్లండ్‌లో మగవారు ధరించే కుచ్చెళ్ల వస్త్రాన్ని కిల్ట్ అంటారని మన పాఠకులకు తెలిసిందే. రిపబ్లిక్ దినోత్సవ కవాతులో మన సైనికులు బ్యాగ్‌పైపులు ఊదుతూ సాగిపోయే దృశ్యం చూసినవారికి, ఆ వాద్యంతోపాటు పుట్టి పెరిగిన వేషం ఇదేనని వేరే చెప్పనక్కరలేదు. యాత్రికులు కొనుక్కుపోయే పలుచటి కిల్ట్‌లు ఎడిన్‌బరో వీధుల్లో అడుగడుగునా దొరుకుతాయి. మేము వెతుకుతున్నది వేరు. సైన్యం తన సిపాయిల కోసం కుట్టించి, కాలం తీరాక మిగులు సరుకుగా అమ్మివేసిన కిల్ట్ మాకు కావాలి.

కావలసినది నాకు కాదు, మా మేనల్లుడికి. అతడు ఆబర్డీన్‌లో ఇంజనీరు. అక్కడి అమ్మాయినే వివాహమాడబోతున్నాడు. విశాఖపట్నంలో జరిగే పెళ్లికి పట్టుపంచె సిద్ధంగా వుంది. ఆబర్డీన్‌లో జరిగే పెళ్లికి కిల్ట్ ధరించాలన్నది అతడి కోరిక. కొత్తగా కొలతలిచ్చి చేత్తో కుట్టించుకుంటే వందల పౌండ్లు అవుతుంది. నెలల తరబడి వేచివుండాలి. సైన్యపు కిల్ట్ అయితే అందులో చిన్న భాగానికే దొరుకుతుంది. గుడ్డ కూడా మేలైనది. అయితే ఒక చిక్కు వుంది. పెళ్లికూతురి తాతగారు 1950లలో నిర్బంధ సైనిక సేవ కింద గోర్డన్ హైలాండర్స్ అనే రెజిమెంటులో పనిచేసిన మనిషి. ఆయన ఎదుట, ఎక్కడో సముద్రాల కావలినుంచి వచ్చిన కుర్రవాడు, అంగట్లో కొన్న సైనికుడి కిల్ట్ కట్టుకొని నిలబడడం మర్యాదేనా? మా వాడిని వేధించిన ప్రశ్న ఇదే. దీనికి సమాధానం దొరకాలంటే, ఆ వస్త్రం సైన్యం చేతికి ఎలా వెళ్లిందో ముందు తెలుసుకోవాలి.

నిషేధంలో ఒక మినహాయింపు

1746వ సంవత్సరం ఏప్రిల్ 16న, ఇన్వర్నెస్ పట్టణానికి సమీపాన వున్న కలోడెన్ మైదానంలో, స్టూవర్ట్ రాజకుమారుడు చార్లెస్ పక్షాన పోరాడిన హైలాండ్ వంశాల సేన ప్రభుత్వ సేన చేతిలో ఓడిపోయింది. యుద్ధం గంటసేపైనా సాగలేదు. దాని పర్యవసానాలు మాత్రం తరాలపాటు మిగిలాయి. ఆ ఏడాదే లండన్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. 1747 ఆగస్టు 1వ తేదీ తరువాత స్కాట్లండ్‌లో ఏ మగవాడూ, ఏ బాలుడూ కిల్ట్ మొదలైన హైలాండ్ దుస్తులు ధరించరాదు. ధరిస్తే ఆరు నెలల ఖైదు. రెండవసారి పట్టుబడితే ఏడేళ్లు ద్వీపాంతరం.

కానీ ఆ చట్టంలోనే ఒక మినహాయింపు వుంది. రాజుగారి సైన్యంలో పనిచేసే అధికారులకు, సిపాయిలకు ఈ నిషేధం వర్తించదు! తండ్రి కట్టుకుంటే నేరం, కొడుకు సైన్యంలో చేరి కట్టుకుంటే గౌరవం. చట్టం రద్దయినది 1782లో. అంటే ముప్పై అయిదేళ్లపాటు ఆ వస్త్రాన్ని న్యాయసమ్మతంగా ధరించి తిరిగినవాడు సిపాయి ఒక్కడే. ఆ మధ్యకాలంలో ఇంట్లో నేసి కట్టుకునే అలవాటు చాలావరకు తప్పిపోయింది. వస్త్రం మాత్రం బ్యారక్కుల్లో బ్రతికింది. ఈనాడు కిల్ట్ కుట్టుబడిలో కనిపించే పద్ధతులలో చాలాభాగం సైన్యపు దర్జీల చేతిలో రూపుదిద్దుకున్నవే.

ఇన్వర్నెస్ దగ్గర సముద్రంలోకి చొచ్చుకుపోయిన నేలకొసమీద ఫోర్ట్ జార్జ్ అనే కోట వుంది. కలోడెన్ తరువాత హైలాండ్ ప్రజలను అదుపులో వుంచడానికి కట్టిన కోట అది. నేడు దానిలోనే హైలాండ్ రెజిమెంట్ల ప్రదర్శనశాల వుంది. అణచడానికి కట్టిన గోడలే ఆ వస్త్రానికి భద్రస్థానం కావడం చరిత్ర చేసిన చమత్కారం. ఆ ప్రదర్శనశాలలో అద్దాల వెనుక నిలబెట్టిన కిల్ట్‌లను చూస్తే ఒక విషయం తెలుస్తుంది. వాటిలో చాలావాటికి మూలం ఒకటే: ముదురు నీలం, నలుపు, ఆకుపచ్చ గళ్లు. దీనిని ప్రభుత్వ టార్టన్ అంటారు. 1739లో రెజిమెంటుగా ఏర్పడిన బ్లాక్ వాచ్ దళం పేరుతోనూ ప్రసిద్ధం. తక్కిన రెజిమెంట్లలో కొన్ని దీనిమీదనే తమ గుర్తుగా ఒకటి రెండు గీతలు చేర్చుకున్నాయి. 1793లో హంట్లీ పట్టణానికి చెందిన విలియం ఫోర్సిత్ అనే నేతవాడు దానిమీద ఒక పసుపు గీత వేశాడు. అది గోర్డన్లది అయింది. తెలుపు, ఎరుపు గీతలు వేస్తే అది మెకంజీ టార్టన్. సీఫోర్త్ హైలాండర్లు కట్టినది అది.

మెకంజీ అన్న పేరు వినగానే తెలుగువాడి చెవి నిక్కుతుంది. 1778లో సీఫోర్త్ ప్రభువు కెన్నెత్ మెకంజీ తన ప్రాంతపు యువకులతో ఒక రెజిమెంటును సమకూర్చాడు. 1781లో అది హిందూదేశానికి ఓడలెక్కింది. ప్రభువు దారిలోనే కన్నుమూశాడు. 1782లో ఓడలు మద్రాసు చేరేసరికి రెండువందలమందికి పైగా సిపాయిలు స్కర్వీ రోగానికి బలయ్యారు. ఆ మరుసటి సంవత్సరమే, ఆ మెకంజీల ఏలుబడిలోని లూయిస్ దీవిలో, స్టోర్నొవే రేవులో పుట్టిన మరొక మెకంజీ మద్రాసులో దిగాడు. ఆయనే కాలిన్ మెకంజీ. ఏలూరు ప్రాంతపు కావలి సోదరుల సాయంతో మన గ్రామాల కైఫీయతులు రాయించి, 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయిన ఆ మహానుభావుడే. మన పల్లెల చరిత్ర భద్రపరిచిన మనిషి పుట్టిన గడ్డమీద ఆయన బాల్యంలో కిల్ట్ కట్టడం నేరం! ఫోర్ట్ జార్జ్‌లో ఆ తెలుపు, ఎరుపు గీతల గుడ్డ ముందు నిలబడినప్పుడు ఈ సంగతి గుర్తుకురాక మానదు.

మిగులు ఎలా ఏర్పడింది?

మొదటి ప్రపంచయుద్ధంలో హైలాండ్ సిపాయిలు కిల్ట్‌లతోనే కందకాలలో దిగారు. గళ్లు శత్రువు కంటబడకుండా పైన ఖాకీ గుడ్డ కట్టుకునేవారు. తడిసిన ఉన్ని మణుగు బరువై, బురద గడ్డకట్టి, అంచు మోకాళ్ల వెనుక కోసేది. కుచ్చెళ్లలో పేలు కాపురం పెట్టేవి. 1940లో ఫ్రాన్సులో పోరాడిన కామెరాన్ హైలాండర్ల దళమే యుద్ధరంగంలో కిల్ట్ ధరించిన చివరి దళమని చెబుతారు. అటు తరువాత అది కవాతుకూ, వేడుకకూ పరిమితమైంది.

తరువాత రెజిమెంట్లే తగ్గుతూ వచ్చాయి. 1961లో సీఫోర్త్, కామెరాన్ రెజిమెంట్లు కలిసిపోయాయి. 1994లో ఆ కలిసిన దళంతో గోర్డన్లు కలిశారు. 2006 మార్చి 28న స్కాట్లండ్ పదాతి దళాలు చాలావరకు ఒకే రాయల్ రెజిమెంట్ ఆఫ్ స్కాట్లండ్ కిందికి వచ్చాయి. అందరికీ ఒకే ప్రభుత్వ టార్టన్ కిల్ట్ నిర్ణయమైంది. ఇలా ఒక్కొక్క విలీనం జరిగినప్పుడల్లా ఒక్కొక్క గళ్ల నమూనాకు సైన్యంలో పని లేకుండా పోయింది. గోదాముల్లో మిగిలినవీ, సిపాయిలు తిరిగి అప్పగించినవీ వేలంలో టోకు వ్యాపారుల చేతికి, వారినుంచి చిల్లర దుకాణాలకు, సంతలకు చేరాయి. దుకాణదారుకు అది పాత సరుకు. ఆ రెజిమెంటులో పనిచేసినవాడికి అది పోయిన ఇంటిపేరు.

ఎక్కడ వెతకాలి? ఏమి చూడాలి?

గ్రాస్‌మార్కెట్‌లో మాకు బ్లాక్ వాచ్ గళ్లవి దొరికాయి కాని, మా వాడి నడుముకు సరిపోయేవి దొరకలేదు. గ్లాస్గో నగరపు తూర్పు భాగంలో శని, ఆదివారాల్లో సాగే బారస్ అనే సంతకు వెళ్లాము. మన ఆదివారపు అంగడిలాగే అక్కడా గడియారాలు, గిన్నెలు, పాత పతకాలు, బూట్లు గుట్టలు పోసి అమ్ముతారు. ఒక ముసలి వ్యాపారి మా చేతిలోని గుడ్డను చూసి, “ముందు వెలుతురుకు పట్టి చూడండి” అని సలహా ఇచ్చాడు. ఆ ఒక్క మాట మాకెంతో ఉపకరించింది.

ఉన్నికి శత్రువు చిమ్మట. కిల్ట్‌ను కుచ్చె కుచ్చెగా విప్పి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సూదిమొనంత రంధ్రమైనా చుక్కలా మెరుస్తుంది. ముందుభాగంలో రంధ్రముంటే మానుకోవడం మంచిది. కుచ్చె లోపలి మడతలో వుంటే రఫూ చేయించవచ్చు, ఎవరికీ కనబడదు. రెండవది తోలు పట్టీలు, బకిళ్లు. తోలు ఎండి పగిలితే మార్చవచ్చు, అది పెద్ద ఖర్చు కాదు. మూడవది నడుము లోపలి అస్తరు. చెమట పట్టి అది చివికిపోతే నడుము నిలువదు. నాలుగవది చీటీ. సైన్యపు కిల్ట్ లోపల కుట్టినవారి పేరు, సైజు సంఖ్య, ఒక్కొక్కప్పుడు సంవత్సరం వుంటాయి. పాతవాటిమీద బాణపు మొన ఆకారంలో ప్రభుత్వ ముద్ర వుంటుంది. కొన్నింటిమీద సిపాయి తన నెంబరును సిరాతో రాసుకొని వుంటాడు.

చీటీ లేకపోయినా గుర్తుపట్టే మార్గం వుంది. పౌరుల కిల్ట్‌లో వెనుక కుచ్చెళ్లను, మడతపడినా గళ్ల నమూనా చెదరకుండా ముందువైపులాగే కనిపించేట్టు కుడతారు. సైన్యపు కిల్ట్‌లో సాధారణంగా ఒకే గీత ప్రతి కుచ్చె నడుమా నిలిచేట్టు కుడతారు. గోర్డన్ల కిల్ట్‌ను వెనుకనుంచి చూస్తే పసుపు గీతలు వరుసగా నిలువునా దిగుతాయి. సిపాయి నడిచినప్పుడు కుచ్చెళ్లు విచ్చుకొని, గీతల మధ్యనుంచి ఆకుపచ్చ, నీలం తొంగిచూసి మళ్లీ మూసుకుంటాయి. వందమంది ఒకే అడుగు వేస్తే ఆ దృశ్యం ఎలా వుంటుందో ఊహించుకోవచ్చు.

బరువు మరొక గుర్తు. సైన్యపు గుడ్డ గజానికి సుమారు 16 ఔన్సులు, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువ. ఆరు నుంచి ఎనిమిది గజాల గుడ్డ ఒక కిల్ట్‌లో ఇముడుతుంది. చేతిలోకి తీసుకుంటే చిన్నపిల్లవాడిని ఎత్తుకున్నట్టు వుంటుంది. అంగళ్లలో చౌకగా దొరికే పలుచటివాటిలో చాలా భాగం పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లో కుట్టినవి. సియాల్‌కోట్‌ను చిన్నచూపు చూడనక్కరలేదు. బ్రిటిష్ పాలనాకాలంలో పెద్ద కంటోన్మెంటు వుండిన ఆ ఊరు నేడు బ్యాగ్‌పైపులకూ కిల్ట్‌లకూ ప్రపంచంలోనే పేరుపొందిన తయారీ కేంద్రం. అక్కడా మేలురకం పని వుంది, నాసిరకం పని వుంది. కొనేవాడికి తాను కొంటున్నది ఏదో తెలిసివుండాలి, అంతే.

మాకు కావలసినది చివరకు ఇన్వర్నెస్ వెళ్లే దారిలో ఒక చిన్న ఊరిలో దొరికింది. సైన్యపు డేరాలు, కంబళ్లు, నీటిసీసాలు అమ్మే దుకాణం అది. అడుగు అరలోనుంచి దుకాణదారు ఒక మూట తీసి బల్లమీద విప్పాడు. పసుపు గీత! మా మేనల్లుడు నా వైపు చూసి, “మామయ్యా, ఇది గోర్డన్లదే. ఇప్పుడు ఏం చేద్దాం?” అన్నాడు. కిల్ట్ దొరికిన సంతోషంకన్నా తాతగారి తలపు ముందుగా మెదిలింది అతడికి. “ముందు నీకు సరిపోతుందో లేదో చూడు, తక్కినది ఆయననే అడుగుదాం” అన్నాను.

కొలత శాస్త్రం

మన పంచెకు దర్జీతో పనిలేదు. కట్టుకునేవాడి ఒడుపే దాని కొలత. కిల్ట్ అలా కాదు. అడుగునుంచి తొడలవరకు కుచ్చెళ్లు స్వేచ్ఛగా వ్రేలాడుతాయి. పిరుదులనుంచి నడుము వరకు మాత్రం వాటిని సన్నగిస్తూ గట్టిగా కుట్టివేస్తారు. నేర్పంతా ఆ జానెడు మేరలోనే వుంది. కాబట్టి కొలతలు మూడు. ఒకటి నడుము, రెండు పిరుదులు, మూడు పొడవు.

ఇక్కడ చాలామంది పొరపడేది నడుము దగ్గరనే. మనం పంట్లాము ధరించేది తుంటిమీద. కిల్ట్ కూర్చునేది బొడ్డు దగ్గర, సైన్యపుదైతే ఇంకా కొంచెం పైన. పంట్లాము చీటీమీద 32 అని వున్నంతమాత్రాన కిల్ట్‌కు అది చెల్లదు. టేపు పెట్టి చూస్తే రెండు మూడు అంగుళాలు ఎక్కువే తేలుతుంది. కొలిచేవాడు వేరొకడై వుండాలి. తనకు తానే వంగి చూసుకుంటే కొలత మారిపోతుంది. పొట్ట లోపలికి బిగబట్టకుండా మామూలుగా ఊపిరి పీల్చి నిలబడాలి. పిరుదుల కొలత అతి వెడల్పైన చోట తీయాలి. అక్కడ బిగువైతే కుచ్చెళ్లు నోళ్లు తెరుస్తాయి. వదులైతే వెనుక సంచిలా వ్రేలాడుతుంది. సైన్యపు కిల్ట్‌లు పద్దెనిమిది, ఇరవై ఏళ్ల కుర్రవాళ్ల కోసం కుట్టినవి కనుక వాటిలో సన్న నడుములవే ఎక్కువ. నడివయస్సు పెద్దమనుషులు ఓపికగా వెతకవలసి వుంటుంది.

నడుము ఒకటి రెండు అంగుళాలు తేడా వస్తే దిగులు పడనక్కరలేదు. బకిళ్లు విప్పి పక్కకు జరిపి కుట్టవచ్చు. అంతకు మించి తేడా వుంటే మాత్రం కుచ్చెళ్లు విప్పి మళ్లీ కట్టవలసిందే. అది కొత్తది కుట్టినంత పని.

పొడవు సంగతి మరింత సున్నితమైనది. కిల్ట్ అడుగు అంచు మడిచి కుట్టినది కాదు. మగ్గం మీద నేసిన గుడ్డ అంచే. మన చీర అంచులాంటిదే అనుకోండి. దానిని కత్తిరిస్తే కిల్ట్ చెడిపోయినట్టే. పొడవు ఎక్కువైతే నడుము దగ్గర విప్పి, పైన తగ్గించాలి. సరైన పొడవు మోకాలి చిప్ప నడిమికి. అది చూడడానికి సైన్యంలో ఒక సులువైన పద్ధతి వుండేది. కిల్ట్ కట్టుకొని నేలమీద మోకరిల్లాలి. అంచు నేలకు సుమారు ఒక అంగుళం ఎడంగా నిలిస్తే పొడవు సరిపోయినట్టు. నేలను తాకితే పొడవు. బాగా పైకి వుంటే పొట్టి.

కట్టుకునే తీరు కూడా చెప్పుకోవాలి. కుచ్చెళ్లు వెనుకకు వుండేట్టు కిల్ట్‌ను వెనుకనుంచి చుట్టుకోవాలి. కుడివైపు కొసను పొట్టమీదుగా ఎడమకు తెచ్చి, దాని పట్టీని ఎడమ నడుము దగ్గరి చీలికలోనుంచి బయటకు లాగి బిగించాలి. తరువాత ఎడమ కొసను దానిమీదుగా కుడికి తెచ్చి, కుడి తుంటి దగ్గర బకిళ్లు పెట్టాలి. ముందువైపు సాదాగా వుండే భాగం నిటారుగా, నడుమ గీత సరిగ్గా మధ్యకు రావాలి. కుడివైపు కింది మూలన గుచ్చే పిన్నును పై పొరకు మాత్రమే గుచ్చాలి. రెండు పొరలూ కలిపి గుచ్చితే నడిచేటప్పుడు గుడ్డ చిరుగుతుంది.

మా వాడికి దొరికిన కిల్ట్ నడుము దగ్గర అంగుళంన్నర బిగువు. పొడవు సరిపోయింది. లోపల సిరాతో రాసిన నెంబరు కడుగుళ్లకు వెలిసిపోయి చివరి మూడు అంకెలే మిగిలాయి. ఇంటికి తెచ్చాక దానిని సంచిలో చుట్టి రెండు వారాలు గడ్డకట్టే చలిపెట్టెలో వుంచారు; చిమ్మట పురుగులూ గుడ్లూ వుంటే చస్తాయి. తరువాత ఆరుబయట గాలికి వేసి, మెత్తటి బ్రష్షుతో దులిపారు. ఆబర్డీన్‌లో ఒక కుట్టుపని చేసే ఇల్లాలు కుచ్చెళ్లన్నిటినీ కచ్చా కుట్లతో పట్టి నిలిపి, తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చేసింది. బకిళ్లు జరిపింది. ఆ నెంబరున్న గుడ్డపట్టీని మార్చనా అని ఆమె అడిగితే, వద్దని మా వాడు గట్టిగా చెప్పాడు.

తాతగారి తీర్పు

ఆబర్డీన్‌లో గోర్డన్ హైలాండర్స్ ప్రదర్శనశాల వుంది. ఒకప్పుడు సర్ జార్జ్ రీడ్ అనే చిత్రకారుడు నివసించిన ఇల్లు అది. తొంభైకి దగ్గరపడిన తాతగారు మమ్మల్ని అక్కడికి స్వయంగా తీసుకువెళ్లారు. 1897 అక్టోబరు 20న, నేటి పాకిస్తాన్ వాయవ్య సరిహద్దులోని దర్గాయ్ కొండమీద గోర్డన్లు దాడిచేసిన సంగతి ఆయనే చెప్పారు. కాళ్లకు గుండు తగిలి కూలిన జార్జ్ ఫిండ్లేటర్ అనే సిపాయి కూర్చునే బ్యాగ్‌పైపు ఊదుతూ వుండిపోయాడు. విక్టోరియా క్రాస్ పొందాడు. “ఆ కొండ ఎక్కినవాళ్లలో మీ దేశపు సిక్కులూ వున్నారు, గోర్ఖాలూ వున్నారు” అన్నారాయన. ఆ కొండను కాపాడుకోవడానికి ఎదురునిలిచిన అఫ్రీదీలది వారి సొంత నేల అన్నది కూడా చరిత్రే. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పతనమైనప్పుడు గోర్డన్ల రెండవ బెటాలియన్, వేలాది భారతీయ సైనికులతోపాటు, జపానువారి చేతిలో బందీ అయింది. ఈ వస్త్రపు చరిత్రకూ మన చరిత్రకూ మధ్య ఇన్ని ముడులున్నాయి. వాటిలో కొన్ని గర్వించదగినవి, కొన్ని కావు.

ఆ సాయంత్రం వారింట్లో మా మేనల్లుడు సంకోచిస్తూనే కిల్ట్ తెచ్చి ఆయన ముందు పరిచాడు. ఎక్కడ కొన్నదీ, ఎందుకు కొన్నదీ దాచకుండా చెప్పాడు. “మీకు ఇష్టం లేకపోతే వేరేది కట్టుకుంటాను, తాతగారూ” అన్నాడు.

పెద్దాయన కళ్లజోడు సవరించుకొని గుడ్డను చేతితో నిమిరారు. కుచ్చెళ్లు ఒక్కొక్కటే లెక్కపెట్టినట్టు వేళ్లతో తడిమారు. లోపలి నెంబరు చూసి చాలాసేపు మాట్లాడలేదు. “ఎవరిదో తెలియదు” అని మాత్రం అన్నారు. తరువాత, “కట్టుకో, చూస్తాను” అన్నారు.

కట్టుకొని వచ్చిన మనుమరాలి వరుణ్ణి ఆయన చుట్టూ తిరిగి చూశారు. ముందుభాగం అర అంగుళం పక్కకు పోయిందని స్వయంగా సరిదిద్దారు. “మోకరిల్లు” అన్నారు. మా వాడు మోకరిల్లాడు. అంచుకూ తివాచీకీ మధ్య ఆయన బొటనవేలు ఆనించి చూశారు. “సరిపోయింది” అన్నారు.

అప్పుడు ఒక్క నియమం చెప్పారు. “కిల్ట్ కట్టుకోవచ్చు. గళ్లు ఎవడి సొత్తూ కాదు. టోపీమీద మా బ్యాడ్జి మాత్రం పెట్టుకోవద్దు. అది సంపాదించుకున్నవాళ్లది.”

టార్టన్ ధరించడానికి ఫలానావారికే హక్కు అని స్కాట్లండ్‌లో చట్టమేదీ లేదు. ప్రభుత్వ టార్టన్‌నైతే ఏ వంశానికీ చెందనివారు సైతం నిస్సంకోచంగా ధరిస్తారు. అయినా మంచి అలవాటు అనేది ఒకటుంటుంది. అది చట్టం చెప్పదు, పెద్దలు చెబుతారు. సైన్యపు కిల్ట్ కొనేవారెవరైనా ఈ మాట గుర్తుంచుకోవడం మేలు. గుడ్డను గుడ్డగా కొనవచ్చు. పతకాన్ని, బ్యాడ్జిని, దాని వెనుక వున్న శ్రమను కొనలేము.

పెళ్లి అయిన తరువాత ఆ కిల్ట్‌ను భద్రపరిచే విధానం కూడా తాతగారే నేర్పారు. కుచ్చెళ్లు సమంగా సర్ది, నిలువున గొట్టంలా చుట్టి, పాత మేజోడులోకి దూర్చాలి. ప్రయాణంలో అలా పెడితే ఎంత దూరం మోసినా మడత చెడదు. విశాఖపట్నం ప్రయాణానికి మా వాడు అలాగే చుట్టి పెట్టెలో పెట్టుకున్నాడు. దాని పక్కనే పట్టుపంచె.

ఒకనాడు ప్రజలు కట్టుకుంటే నేరమన్నారు గనుక ఆ వస్త్రం సిపాయి నడుమున తలదాచుకుంది. రెండున్నర శతాబ్దాలకు పైగా అక్కడ నిలిచి, అనేక యుద్ధాలు చూసి, ఇప్పుడు సైన్యం అక్కరలేదన్నాక పాతబట్టల అంగడి దారిన మళ్లీ ప్రజల దగ్గరకే వస్తోంది. గ్రాస్‌మార్కెట్‌లోనో, బారస్ సంతలోనో అలాంటి కిల్ట్ మీ చేతికి తగిలితే వెలుతురుకు పట్టి చూడండి, నడుము కొలవండి, మోకరిల్లి పొడవు సరిచూసుకోండి. లోపల వెలిసిపోయిన నెంబరేదైనా వుంటే మాత్రం దానిని చెరపకండి. అడుగు అంచును కత్తిరించకండి. మీ తరువాత దానిని ధరించబోయేవాడు మీకన్నా పొడవరి కావచ్చు.